కొండ చాటు కరవు

జులై నెల. పొద్దున పది గంటలు. కర్ణాటకలోని ఆగుంబె దుకాణాల్లో ఇంకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పొగమంచో మబ్బో తేల్చుకోలేని తెల్లటి ముసుగు ఊరి మీదికి దిగి ఉంటుంది. ఈ అరుగు మీద నిలబడితే ఎదుటి అరుగు కనిపించదు. వాన పడుతోందని అక్కడ ఎవరూ చెప్పుకోరు. ఎప్పుడైనా ఓ గంట తెరిపిస్తే మాత్రం అదో కబురు! ఉతికిన బట్టలు నాలుగు రోజులైనా ఆరవు. పొయ్యి పైన దండెం కట్టి వెచ్చటి పొగకు ఆరబెట్టుకోవాల్సిందే.

అదే రోజు. అదే వేళ. అనంతపురం జిల్లాలో ఓ చేను గట్టు. విత్తనం వేసి మూడు వారాలైంది. చెనక్కాయ మొలక నాలుగాకులు వేసి అక్కడే నిలిచిపోయింది. ఆకాశంలో మబ్బుకు కొదవ లేదు. పడమటి నుంచి వస్తోంది, నెత్తి మీదుగా తూర్పుకు పరుగులు తీస్తోంది. గాలికీ కొదవ లేదు. తలకు చుట్టిన తువ్వాలు నిలవనంత గాలి. లేనిదల్లా వాన.

మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఈ రెండు చోట్లకూ మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఆగుంబెలో ఏడాదికి సగటున ఏడు వేల మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. 1946 ఆగస్టులో అయితే ఒక్క నెలలోనే 4,508 మిల్లీమీటర్లు పడిందట. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు ఏడాదికి 552. అంటే ఆగుంబెలో ఆ ఒక్క నెల పడిన వాన అనంతపురానికి ఎనిమిదేళ్లు సరిపోతుంది!

విచిత్రం ఏమిటంటే, రెండు చోట్లకూ వచ్చేది ఒకటే గాలి. అరేబియా సముద్రం మీద నీళ్లు నింపుకొని బయల్దేరే నైరుతి రుతుపవనం. పొద్దున ఆగుంబె మీద విరుచుకుపడిన గాలే చాలాసార్లు ఆ రాత్రికో, మర్నాటికో అనంతపురం చేల మీద విసురుతుంది. మరి దారిలో నీళ్లేమైనట్టు?

దారిలో ఓ కొండ ఉంది.

సైకిల్ పంపు చెప్పే రహస్యం

గుజరాత్ సరిహద్దు నుంచి కన్యాకుమారి దాకా పశ్చిమ కనుమలు దాదాపు 1,600 కిలోమీటర్ల పొడవునా గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. సముద్రం వైపు చూస్తే నిజంగా గోడే. ఉడుపి నుంచి ఆగుంబెకు వెళ్లే బస్సు సోమేశ్వర దాటేదాకా పల్లంలోనే పోతుంది. ఆ తర్వాత 14 మలుపులు తిరుగుతూ ఒక్కసారిగా ఆరువందల మీటర్ల పైకి ఎక్కేస్తుంది. బస్సుకు ఇంజిను ఉంది కాబట్టి ఎక్కుతుంది. గాలికి వేరే దారి లేక ఎక్కుతుంది. వెనక నుంచి సముద్రపు గాలి నెడుతూ ఉంటే, ముందున్న గాలి కొండను పట్టుకొని పైకి పోక ఏం చేస్తుంది?

పైకి పోయిన గాలి చల్లబడుతుంది. ఎందుకో తెలియాలంటే సైకిల్ ట్యూబు వాల్వు నొక్కి గాలి వదిలి చూడాలి. వేలికి చల్లగా తగులుతుంది. ఇరుకులో ఉన్న గాలి ఒక్కసారిగా విచ్చుకుంటే చల్లబడటమే దాని గుణం. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, కొండ ఎక్కే గాలి కూడా అలాగే విచ్చుకుంటుంది, చల్లబడుతుంది. చల్లటి గాలి ఎక్కువ ఆవిరిని మోయలేదు. మోయలేనిది మబ్బవుతుంది, మబ్బు మోయలేనిది వానవుతుంది. ఇంతవరకూ బడి పిల్లలకూ తెలిసిందే.

అసలు కథ కొండకు అవతలి వైపు ఉంది. శిఖరం దాటిన గాలి కిందికి జారుతుంది. జారేకొద్దీ మళ్లీ ఇరుకవుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరికీ అనుభవమే... ఇదీ అంతే. దిగే గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలికి ఆవిరిని మోసే శక్తి పెరుగుతుంది. ఉన్న కాస్త మబ్బునూ అది తిరిగి తాగేస్తుంది. కొండకు ఇవతల వాన కురిపించిన గాలి, అవతల నేల తడినే పీల్చుకుపోయే గాలిగా మారిపోతుంది!

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎక్కేటప్పుడు ఎంత చల్లబడిందో దిగేటప్పుడు అంతే వేడెక్కితే లెక్క సరిపోయేది. కానీ అలా జరగదు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలి చెయ్యి చురుక్కుమనేది ఆ వేడికే. అందువల్ల మబ్బు కట్టక ముందు కిలోమీటరు ఎత్తుకు 10 డిగ్రీల చొప్పున చల్లబడే గాలి, మబ్బు కట్టాక సుమారు ఆరు డిగ్రీలే చల్లబడుతుంది. దిగేటప్పుడు మాత్రం పొడిగా ఉంటుంది కాబట్టి కిలోమీటరుకు పూర్తిగా 10 డిగ్రీలూ వేడెక్కుతుంది.

ఓ చిన్న లెక్క వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. తీరంలో గాలి 30 డిగ్రీలు ఉందనుకుందాం. 500 మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి 25 అవుతుంది, మబ్బు కడుతుంది. అక్కడి నుంచి 1,500 మీటర్లకు చేరేసరికి 19. ఇప్పుడు కొండ దిగి, సముద్ర మట్టానికి 350 మీటర్ల ఎత్తున్న నేలకు రావాలి. అనంతపురం ఎత్తు ఇంచుమించు అంతే. 1,150 మీటర్లు దిగింది కాబట్టి పదకొండున్నర డిగ్రీలు వేడెక్కి 30.5 అవుతుంది. బయల్దేరిన చోటి కన్నా ఎత్తులో ఉండి కూడా బయల్దేరినప్పటి కన్నా వేడి! పైగా చేతిలో ఉన్న నీళ్లన్నీ దారిలోనే పోగొట్టుకొని వచ్చింది. నిజం గాలి ఇంత బుద్ధిగా లెక్క ప్రకారం నడవదు గానీ, జరిగేది మాత్రం ఇదే.

పాఠ్యపుస్తకాల్లో దీనికి 'వర్షచ్ఛాయా ప్రాంతం' అని బరువైన పేరుంది. వాన నీడ అంటే సరిపోతుంది. అయితే నీడ అన్న మాటలో ఓ మోసం ఉంది. నీడ అంటే మనకు చల్లదనం గుర్తొస్తుంది. ఈ నీడలో ఉండేది ఎండ!

ఇంటికప్పులు చూస్తే చాలు

ఆగుంబె నుంచి తూర్పుకు బస్సెక్కితే వాన ఎలా తగ్గిపోతుందో చూడటానికి వర్షమాపకం అక్కర్లేదు. ఇళ్ల కప్పులు చూస్తూ పోతే చాలు.

ఆగుంబెలో కప్పులన్నీ బాగా వాలుగా ఉండే పెంకుటి కప్పులు. గోడకు వాన కొట్టకుండా చూరు అంతదూరం ముందుకు వచ్చి ఉంటుంది. 1980ల్లో దూరదర్శన్ ప్రేక్షకులు 'మాల్గుడి డేస్'లో చూసిన ఊరు ఇదే కాబట్టి ఆ చూరు, ఆ అరుగులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చుట్టూ అడవి. పట్టపగలే చీకటి. రాచనాగులకు ఈ అడవి పెట్టింది పేరు.

తీర్థహళ్లికి వచ్చేసరికి వాన మూడు వేల మిల్లీమీటర్ల దగ్గరికి దిగుతుంది. వక్కతోటలు, వరిమళ్లు, నిండుగా పారే తుంగ. ఇంకా పెంకుటిళ్లే గానీ వాలు కాస్త తగ్గినట్టుంటుంది. శివమొగ్గ చేరేసరికి బస్సు డ్రైవరు అద్దం తుడిచే వైపర్ ఆపేస్తాడు. అక్కడ వాన వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దాటితే తోటలు పలచబడతాయి, మొక్కజొన్న చేలు మొదలవుతాయి. చిత్రదుర్గం దగ్గరికి వచ్చేసరికి కొండలు బోడిగుండ్లవుతాయి. ఆ గుండ్ల మీద వరసగా గాలిమరలు. కోటలోకి వెళ్తే రాతిని తొలిచిన గుండాలు కనిపిస్తాయి. పైగుండం నిండితే కింది దానిలోకి, అది నిండితే మరోదానిలోకి నీరు జారేలా కట్టారు. ఒక్క చుక్క బయటికి పోకూడదన్న పట్టుదల ఆ కట్టడంలో తెలుస్తుంది. ఆగుంబెలో ఎవరైనా అలాంటిది కడతామంటే జనం నవ్వుతారు.

చళ్లకెర దాటాక పెంకు మాయమవుతుంది. రాయదుర్గం, కళ్యాణదుర్గం పల్లెల్లో పాత ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. దూలాల మీద కట్టెలు పరిచి, పైన చవుడు మట్టి వేసి మెత్తిన చదును కప్పులు. వాన కొద్దిగా పడే చోట చవుడు గట్టిపడి నీటిని ఆపుతుంది. ఆగుంబెలో మట్టి మిద్దె వేస్తే వారం ఆగదు. అందుకే ఇక్కడి మిద్దె మీద చెనక్కాయలు ఆరబోస్తారు, ఎండాకాలం రాత్రిళ్లు పడకలేస్తారు. ఆగుంబెలో ఇంటికప్పు వాన నుంచి కాపాడేది. ఇక్కడ అదో గది!

ఒక పగటి ప్రయాణం. ఒకే రుతువు. పొద్దున గొడుగు, సాయంత్రం దుమ్ము.

ముంగారు వచ్చింది... వాన రాలేదు

జూన్ మొదటి పక్షంలో ఏటా ఓ వార్త వస్తుంది. రుతుపవనాలు రాయలసీమను తాకాయని. తాకడం నిజమే. వానతో తాకినట్టు కాదు. సీమ రైతు ఈ నైరుతి కాలాన్ని ముంగారు అంటాడు. దాని వెనక వచ్చే ఈశాన్య కాలం హింగారు. జిల్లాకు ముంగారులో వచ్చేది సగటున 338 మిల్లీమీటర్లు, హింగారులో 156. ఈ ముంగారు వాటాలో కూడా మంచి భాగం సెప్టెంబరులోనే పడుతుంది. అంటే పడమటి గాలి జోరు తగ్గాక! గాలి బలంగా వీచే జులైలో, ఆగుంబె మునిగిపోతున్న రోజుల్లో, అనంతపురం ఎండుతుంది. గాలి నెమ్మదించి, పగటి వేడికి ఎక్కడికక్కడ ఉరుముల మబ్బులు లేచే రోజుల్లో, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజుల్లో, ఈ నేలకు నాలుగు చినుకులు. ఇక్కడి రైతు పడమటి మబ్బును నమ్మకపోవడానికి కారణం అనుభవమే.

చెనక్కాయకు ఈ వరస సరిపడదు. జూన్ నెలాఖరులో ఓ వాన పడి నేల పదునైతే విత్తనం వేస్తారు. జులైలో పైరు లేస్తుంది. ఆగస్టులో పూత, ఊడలు దిగడం. ఊడ నేలలోకి దిగాలంటే నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తుంది. నేల గట్టిపడిపోతే ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. చెట్టు పచ్చగానే ఉంటుంది. పీకి చూస్తే రెండు లొత్తకాయలు! సెప్టెంబరులో వాన దంచి కొట్టినా ఆ కాయ తిరిగి రాదు. 552 మిల్లీమీటర్లు అన్న అంకె పెద్దగా భయపెట్టదు. అది ఏ నెలలో రాలేదన్నదే ఇంటి లెక్కను తలకిందులు చేసేది. విత్తనం అప్పు, ఎరువు అప్పు, వెయ్యి అడుగులు దింపినా తడి తగలని బోరు అప్పు... ఆ తర్వాత బెంగళూరు బస్సు.

దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే అని చిన్నప్పటి నుంచీ అందరం వింటున్నదే. అచ్చంగా అదే వరస అని పట్టుబట్టనక్కర్లేదు. లద్దాఖ్‌లోని లేహ్‌ను లెక్కలోకి తీసుకుంటే ఆ మాట నిలవదు. అక్కడ ఏడాదికి వంద మిల్లీమీటర్ల చుట్టూనే. అనంతపురాన్ని ఎడారి అనడమూ సరికాదు. మామూలు లెక్కలో 250 మిల్లీమీటర్ల లోపు పడితేనే ఎడారి. ఇది ఎడారికి గడప దగ్గరున్న నేల. ఆ గడప ఎక్కడుందో తర్వాత చూద్దాం.

ఇంకో సంగతి కూడా ఉంది. తప్పంతా పడమటి కొండదే కాదు. తూర్పు నుంచి హింగారు మబ్బు రావాలన్నా నల్లమల, వెలికొండ, పాలకొండ, శేషాచలం అడ్డుగా ఉన్నాయి. నెల్లూరు వైపు కుమ్మరించిన మబ్బు సీమలోకి వచ్చేసరికి డీలాపడిపోతుంది. రెండు గోడల మధ్య పెరడు లాంటిది ఈ జిల్లా. ఎప్పుడో వాయుగుండం కొండలు దాటి లోపలికి వచ్చిందంటే మాత్రం అంతా తారుమారు. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో వంకలు పొంగి కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. వాన కోసం ఎదురుచూసే ఊరికి వాన వస్తే నిలబడే చోటు ఉండాలి కదా! వంకల్లో ఇళ్లు కట్టుకున్నాక అది ఎక్కడ పారుతుంది?

పాతకాలం వాళ్లకు ఈ తెలివి ఉండేది. అనంతపురానికి ఆ పేరే అనంతసాగరం అనే చెరువు వల్ల వచ్చింది. పక్కనే కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువది. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. ఏడాదిలో నాలుగైదు మంచి వానలే పడే నేలలో, ఆ నాలుగైదింటినీ పట్టి ఉంచడమే వ్యవసాయం అని వాళ్లకు తెలుసు. చెరువు మరవ పారిన ఏడాదిని సీమ పల్లెల్లో పెళ్లి ఏడాదిలా గుర్తుపెట్టుకునేవారు.

నీళ్లు లేని గాలి అయినా వృథా పోలేదు. పడమటి కొండలు దిగి వచ్చే ఆ విసురు చూసే 1990ల్లో రామగిరి గుట్టల మీద గాలిమరలు పాతారు. మబ్బు కమ్మని ఆకాశం చూసి నంబులపూలకుంటలో 2016 నుంచి సౌర విద్యుత్తు తీస్తున్నారు. రాయదుర్గంలో చాలా ఇళ్లు కుట్టుమిషను మీద జీన్స్ ప్యాంట్లు కుట్టి బతుకుతున్నాయి. గొర్రెలు, గొంగళ్లు సరేసరి. పంట నమ్మించి మోసం చేసినప్పుడు మనిషి ఇంకో దారి వెతుక్కుంటాడు.

ఇక్కడొక్కచోటే కాదు

మేఘాన్ని కొండ ఆపేయడం, అవతల నేల ఎండిపోవడం... ఈ నాటకం ప్రపంచంలో చాలాచోట్ల ఆడుతుంది. హిమాలయాల ఇవతల అడవులు, అవతల లద్దాఖ్ రాళ్లు. అమెరికాలో పసిఫిక్ గాలి ఒకదాని వెనక ఒకటిగా కొండల వరసలు దాటుకుంటూ వచ్చి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకున్నాక దిగేది సముద్ర మట్టానికి 86 మీటర్ల లోతున్న డెత్ వ్యాలీలోకి. దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవుల తడిని ఆండీస్ పర్వతాలు తూర్పు వైపే ఆపేస్తే, పడమట అటకామా ఎడారి మిగిలింది. దానికి చల్లటి సముద్ర ప్రవాహమూ తోడైంది.

అన్ని ఎడారులూ కొండల పుణ్యమే అనుకుంటే పొరపాటు. మన థార్‌నే తీసుకోండి. అక్కడ ఆరావళి కొండలున్నాయి. కానీ అరేబియా సముద్రం నుంచి వచ్చే గాలికి అవి అడ్డంగా లేవు, దాని వెంటే పక్కపక్కన సాగుతాయి. గాలి ఎక్కడానికి గోడ లేదు కాబట్టి అది పక్కనుంచి వెళ్లిపోతుంది. కొండ అడ్డుగా నిలిచినందుకు అనంతపురం ఎండింది. అడ్డుగా నిలవనందుకు జైసల్మేరు వైపు వాన కరవైంది!

ఒకే కొండ... రెండు నదులు

అనంతపురం కథలో అసలైన మలుపు ఇక్కడుంది. కొండ లాక్కున్న నీళ్లన్నీ సముద్రంలోకి పోవు. ఆగుంబె దగ్గర పడమటి అంచున పడ్డ చినుకు సీతానది పట్టుకొని గంటల్లో అరేబియా సముద్రంలో కలిసిపోతుంది. నాలుగడుగులు తూర్పుకు పడ్డ చినుకు మాలతి అనే చిన్న నదిలోకి దిగి తుంగలో కలుస్తుంది. తుంగ, భద్ర రెండూ కుద్రేముఖ్ కొండల్లోని గంగామూల దగ్గర పుట్టినవే. వాన నడినెత్తిన పుట్టిన నదులు. కూడలి దగ్గర కలిసి తుంగభద్ర అయి, ఏ ఎండిన నేల వైపు గాలి ఖాళీ చేతులతో వచ్చిందో అదే వైపు నీళ్లతో బయల్దేరతాయి. ఆకాశంలో కొండ ఆపేసిన నీటిని నేల మీద అదే కొండ పంపిస్తుందన్నమాట.

అయితే ఆ కొండల నుంచే ఇంకో నది కూడా వస్తుంది. బాబాబుడన్ గిరులకు తూర్పు వాలులో వేద, అవతి అని రెండు వాగులు పుడతాయి. కలిసి వేదవతి అవుతాయి. పుట్టిందే కొండకు వెనక వైపు, వాన నీడ మొదలయ్యే చోట. అందుకే ఆ నదికి ఒంట్లో సత్తువ తక్కువ. హిరియూరు దగ్గర మైసూరు రాజులు 1907 నాటికి దాని మీద వాణీవిలాస సాగరం కట్టారు. ఆ జలాశయం 1933లో నిండి పొర్లింది. మళ్లీ పొర్లింది ఎప్పుడో తెలుసా? 2022లో! మధ్యలో 89 ఏళ్లు. చళ్లకెర మీదుగా ఆ నది అనంతపురం జిల్లాలోకి వచ్చేసరికి పేరు హగరి. చాలా ఏళ్లు దానిలో పారేది ఇసుకే.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డుకు వెళ్తే ఎడారి గడప అంటే ఏమిటో తెలుస్తుంది. దర్గాహొన్నూరు చుట్టుపక్కల ఇసుక దిబ్బలు అచ్చం రాజస్థాన్ క్యాలెండరు బొమ్మలా ఉంటాయి. అలలు అలలుగా ఇసుక, మీద గాలి గీసిన గీతలు. పిల్లలకు ఆటస్థలం, ఫొటోలు తీసుకునే వాళ్లకు ముచ్చట. పక్కన చేనున్న వాళ్లకు మాత్రం కాదు. వాన కాని ఆ జూన్, జులై, ఆగస్టు గాలి వీచినప్పుడల్లా ఎండిన ఏట్లోంచి ఇసుకను ఎత్తి తూర్పుకు మోస్తుంది. చేల మీద పోస్తుంది. మొలకను కప్పేస్తుంది. దిబ్బ కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. ఆగుంబె మీద నీళ్లు దించి బరువు తగ్గించుకున్న గాలికి ఇక్కడ మోయడానికి దొరికింది ఇసుక!

దిబ్బ మీద సర్కారు తుమ్మ, ఈత, గడ్డి నాటితే ఇసుక కొంత నిలుస్తుంది. చేను చుట్టూ కంప అడ్డం పెడతారు. ఏట్లో ఒక్క ఏడాది నీళ్లు పారినా ఇసుక తడిసి అణిగి ఉంటుంది. నీళ్లు రాని ఏడాది మళ్లీ మామూలే.

ఇదే బొమ్మనహాళ్ మండలంలో ఇంకో దృశ్యమూ ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ, జనం నోట్లో హెచ్చెల్సీ, కర్ణాటకలో దాదాపు వంద కిలోమీటర్లు నడిచి ఆంధ్రలో అడుగుపెట్టేది ఇక్కడే. హొసపేట దగ్గర 1953లో నీళ్లు నింపుకొన్న తుంగభద్ర జలాశయం నుంచి వచ్చే కాలువ ఇది. దీని పుణ్యమా అని కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో వరి పండుతుంది. అనంతపురం జిల్లాలో వరి! ఈ కాలువే ముందుకు పోయి మధ్య పెన్నా జలాశయంలో పడుతుంది, ఊళ్ల దాహం తీరుస్తుంది. అనంతపురంలో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీళ్లలో ఆగుంబె ముసురు వాటా ఎంతో కొంత ఉంటుంది.

ఆ వాటాకు బోలెడు గండాలు. మొదట్లో 133 టీఎంసీలు పట్టిన జలాశయం, పూడిక చేరి చేరి ఇప్పుడు సుమారు 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. ఆ మట్టి కూడా కొండ నుంచి వచ్చిందే. అడవి నరికిన వాలు నుంచి వాన మట్టిని కడుక్కొస్తుంది. కుద్రేముఖ్‌లో ఇనుప ఖనిజం తవ్వకాలు సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 డిసెంబరు 31 నాటికి ఆగాయి. గనుల నుంచి భద్రలోకి కొట్టుకొచ్చే మట్టి ఆ వివాదంలో పెద్ద అంశమే. అక్కడ కొండ మీద ఓ చెట్టు నిలబడిందా కూలిందా అన్నది అనంతపురం రైతుకు సంబంధం లేని విషయమని అనుకుంటాం గానీ, కాలువ చివరి చేనుకు నీళ్లు అందాయా లేదా అన్నది కొంతవరకు అక్కడే తేలుతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి ఇంకో గండం వచ్చింది. నిండుకుండలా ఉన్న జలాశయానికి పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పదుల టీఎంసీల నీళ్లు ఏట్లోకి పోయాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి ఆధ్వర్యంలో వారం రోజుల్లోనే పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి ఆపగలిగారు. ఆ వారం రోజులూ అనంతపురం, కర్నూలు, బళ్లారి పల్లెల్లో టీవీల ముందు కూర్చున్న వాళ్లకు అది ఎక్కడో దూరాన ఉన్న డ్యాము వార్త కాదు. నారు పోసుకున్న మడి వార్త.

జులైలో మామూలుగా కాలువకు నీళ్లు వదులుతారు. ఆ రోజుల్లో బొమ్మనహాళ్ దగ్గర కాలువ గట్టు మీద నిలబడితే పడమటి గాలి చెంప మీద కొడుతూ ఉంటుంది. ఓ పక్క హగరి వైపు నుంచి ఇసుక సన్నగా లేస్తూ ఉంటుంది. కళ్లలో పడకుండా జనం తువ్వాలు అడ్డం పెట్టుకుంటారు. మరో పక్క కాలువలో ఎర్రటి కొత్తనీరు, ముందు నురగ, చెత్త, ఎండుటాకులు నెట్టుకుంటూ వస్తుంది. పిల్లలు ఆ నీటితో పాటు గట్టు మీద కొంతదూరం పరిగెత్తుతారు. మడిలో తూము దగ్గర మట్టి తీసి సిద్ధంగా నిలబడ్డ మనిషి, గాలికి ఎగిరిపోతున్న పంచె ఎగ్గట్టి, పార భుజాన వేసుకొని నీళ్ల వైపు చూస్తూ ఉంటాడు.